కనిపించే ఊరికి ఆరువేల కిలోమీటర్లు

బ్రాజవిల్ నుంచి కిన్షాసా ఎంత దూరమని ఎవరైనా అడిగితే, ముందు ఆ అడిగినవాడు ఏ ఆఫీసువాడో కనుక్కోవాలి. మామూలు మనిషైతే నది ఒడ్డుకి తీసుకెళ్లి, అదిగో అని చూపిస్తే సరిపోతుంది. కాంగో నదికి ఈ ఒడ్డున బ్రాజవిల్, ఆ ఒడ్డున కిన్షాసా. రెండు దేశాలు, రెండు రాజధానులు, మధ్యలో నీళ్లు. ఈ ఒడ్డున నిలబడి ఆ ఒడ్డు మేడలు లెక్కపెట్టుకోవచ్చు. అడిగినవాడు మన రాష్ట్ర మామిడి అంట్ల ప్రచార సంస్థవాడైతే మాత్రం కుర్చీ వేసి కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, నెమ్మదిగా చెప్పాలి. ఎందుకంటే ఆ సంస్థ లెక్కలో రెండు ఊళ్ల మధ్య దూరం అక్షరాలా ఆరువేల కిలోమీటర్లు. అది తేల్చడానికి ఒక సంఘం కూర్చుంది, ఒక సంతకం జరిగింది, ఒక ముద్ర పడింది. నదిని మాత్రం ఎవరూ అడగలేదు.

ఈ గొడవంతా నెత్తిన పడ్డది డాక్టర్ బొడ్డు హైమవతికి. నూజివీడు మనిషి, ఆ సంస్థలో మామిడి శాస్త్రవేత్త, రిటైర్మెంటు దగ్గర పడింది. చిన్నరసాన్నీ బంగినపల్లినీ కలిపి పద్దెనిమిదేళ్లు కష్టపడి ఒక కొత్త రకం తీసింది. రసమంత తీపి, బంగినపల్లంత కండ, కోసి పక్కన పెట్టినా తొందరగా మెత్తబడదు. అంతకుముందు చేసిన పది ప్రయోగాలూ పాడైపోయాయి కనక దీన్ని "పదకొండోది" అని పిలుచుకునేది, ఇంట్లో పిల్లని పిలుచుకున్నట్టు.

పదకొండోదానికి సొంత సంస్థలో చోటు లేదు. జనరేటర్ షెడ్డు వెనకాల నాలుగు చెట్లు పెట్టుకోనిచ్చారు. తరవాత డైరెక్టరుగారి కారుకి నీడ కావాలని వాటిలో రెండు చెట్లు కొట్టేసి రేకుల షెడ్డు వేశారు. రకం విడుదల చెయ్యండి మహాప్రభో అని పెట్టిన అర్జీ మూడేళ్లుగా డైరెక్టరుగారి బల్ల మీద విశ్రాంతి తీసుకుంటోంది.

అలాంటి సమయంలో కిన్షాసా వ్యవసాయ కళాశాల నుంచి ప్రొఫెసర్ ఇలుంగా అనే పెద్దమనిషి ఉత్తరం రాశాడు. మా తోటలో ఐదెకరాలు మీ మామిడికే వదిలేస్తాం, అంట్లు తెచ్చి మీ చేత్తో నాటండి అని. అది చదివి హైమవతి ఆఫీసులోనే కళ్లు తుడుచుకుంది. ఐదు అంట్లకి వేళ్ల చుట్టూ తడి కొబ్బరిపీచు పెట్టి, గోనెపట్టాలో కట్టి, వెదురుబుట్టలో సర్ది, సముద్రాలు దాటించింది. ముందు బ్రాజవిల్‌లో పండ్ల ప్రదర్శన. అది బాగానే జరిగింది. ఇక నది దాటి అంట్లు నాటడమే మిగిలింది. రెండు దేశాల వీసాలూ, మొక్కల ఆరోగ్య పత్రాలూ సిద్ధంగా ఉన్నాయి. అంట్లకి మాత్రం మట్టి కావాలి. ఇంకో వారం గోనెలోనే ఉంటే వేళ్లు కుళ్లిపోతాయి.

ఆవేళ పొద్దున్న నది ఒడ్డున టీ తాగుతూ బుట్ట పక్కన పెట్టుకుని నిలబడింది. తోడుగా గంటా సోమినాయుడు. రాజాం నుంచి వచ్చి బ్రాజవిల్‌లో స్టీలు సామాన్ల కొట్టు పెట్టుకున్న మనిషి. ప్రదర్శనలో పదకొండోదాని ముక్క నోట్లో వేసుకున్న దగ్గర్నుంచీ ఆవిణ్ణి వదల్లేదు.

"ఏటమ్మా అలా సూస్తన్నారు? అదే కిన్షాసా. పడవెక్కితే ఈ టీ తాగీసరికి అటేపు ఉంటాం. ఎల్దారి రండి."

నీళ్ల మీద గుర్రపుడెక్క గుంపులు గుంపులుగా తేలిపోతోంది. "అయ్యో, ఇది ఇక్కడా తగలడిందా!" అంది హైమవతి, సొంతూరి దొంగ కనిపించినంత సంబరంగా. తరవాత చెప్పులు సర్దుకుని, బుట్ట చంకనెత్తుకుని, "పద్ధతి ప్రకారం ఆఫీసుకి ఒక్క మాట చెప్పేసి ఎక్కుదామండీ నాయుడుగారూ," అంది.

ఆ ఒక్క మాటే కొంప ముంచింది.

బెజవాడ ఆఫీసులో ఫోనెత్తింది ప్రయాణ విభాగం సూపరింటెండెంటు త్రిపురాంతకం. ఆయన మామూలు తెలుగు ఇంట్లోనే వదిలేసి వస్తాడు. ఆఫీసులో ఆయన మాట్లాడేదంతా గెజిట్టు.

"మేడమ్, తమరు పడవ అన్నారా?"

"అవునండీ. ఎదురుగా కనపడుతోంది. పది నిమిషాల పని."

అవతల కుర్చీ కిర్రుమంది. ఆయన లేచి నిలబడ్డాడన్నమాట. ఆ సంస్థలో పడవ అనే మాట ఎత్తకూడదు. వెనకటికి ఒక ఉద్యోగి అంట్ల లెక్కల ఫైళ్లతో గోదావరి లంకకి వెళ్తుంటే పడవ ఒరిగింది. మనుషులు క్షేమం, మేకలు క్షేమం, ఆ ఉద్యోగి టిఫిన్ క్యారేజీ కూడా క్షేమం. ఫైళ్లు మాత్రమే నీళ్లలో పడ్డాయి, అదీ ఆడిట్ వాళ్లు దిగబోయే ముందు వారం. అప్పట్నుంచి సంస్థ ఆస్తి చేతిలో ఉన్న ఏ అధికారీ పడవ ఎక్కరాదని నిబంధన. వంతెన ఉన్న లంకలకి అధికారులు చుట్టూ తిరిగి వెళ్తారు. వంతెన లేని లంకల్లో మామిడి పండదని నివేదిక రాస్తారు.

"సదరు అంట్లు సంస్థ ఆస్తి. కావున పడవ నిషిద్ధము. వంతెన కలదా?"

"లేదండీ."

"అయినచో విమానము."

"నది దాటడానికి విమానమేమిటండీ?"

"ఒక దేశము నుండి మరియొక దేశమునకు వెళ్లుట విదేశీ ప్రయాణమగునా, కాదా?"

"అవుతుందనుకోండి, కానీ..."

"కానీ అను పదము నిబంధనలో లేదు మేడమ్. విదేశీ ప్రయాణము విమానమునందే జరగవలెను. రెండు నగరముల నడుమ దూరమెంత, విమానకాలమెంత, తెలియజేయుడు. అనుమతి వెంటనే లభించును."

హైమవతి విమాన కంపెనీల ఆఫీసులన్నీ తిరిగింది. నేరుగా ఎగిరే విమానం ఎక్కడా దొరకలేదు. ఒకచోట కౌంటరు అమ్మాయి ఆవిణ్ణి పైనుంచి కిందకి చూసి, కిటికీలోంచి నదిని చూపించి, మళ్లీ ఆవిణ్ణి చూసింది. చివరికి దొరికింది ఒక్కటే దారి. బ్రాజవిల్ నుంచి తూర్పుగా ఆఫ్రికా అడ్డంగా దాటి అడ్డిస్ అబాబా వెళ్లాలి. అక్కడ విమానం మారి, వెళ్లిన దూరమంతా వెనక్కి వచ్చి కిన్షాసాలో దిగాలి. ఇంచుమించు ఒక పగలంతా, ఒక రాత్రంతా పడుతుంది.

"ఒగ్గేయండమ్మా ఆలని," అన్నాడు సోమినాయుడు విసుగ్గా. "ఇప్పుడు పడవెక్కీసినారనుకోండి, బెజవాడలో ఎవుడికి తెలుస్తాది?"

"తెలుస్తుందండీ. నాటిన ఫొటో పంపాలిగా, ఎలా వెళ్లావంటారు. పడవ అన్నానా, మెమో ఇస్తారు. మెమో ఉన్న శాస్త్రవేత్త తీసిన రకాన్ని విడుదల చెయ్యకూడదని ఇంకో నిబంధన. నా మొక్క బతికినా దానికి పేరుండదు నాయుడుగారూ. ఏ ఊళ్లోనూ దాన్ని మామిడి అని రాయరు." "బుట్టలో ఉంటే చస్తుంది, పడవెక్కిస్తే అనామకం అయిపోతుంది. నన్నేం చెయ్యమంటారో చెప్పండి."

సోమినాయుడు బుట్ట మీద గొడుగు పట్టాడు.

హైమవతి నిజాయితీగా దూరం దగ్గర "ఒక నది" అని రాసి, విమానకాలం దగ్గర "అక్కర్లేదు" అని రాసి పంపింది. బెజవాడలో పెద్ద కలకలం రేగింది. నది అనేది కొలత కాదని త్రిపురాంతకం అభ్యంతరం. అక్కర్లేదు అని రాయడానికి డైరెక్టరు స్థాయి అధికారం ఉండాలని మరో అభ్యంతరం. దాంతో దూర నిర్ధారణ సంఘం ఏర్పడింది. సంఘంలో ముగ్గురు, సమోసాలు రెండు ప్లేట్లు. చిత్రం ఏమిటంటే ఆ ముగ్గురిలో ఒక్కరూ అట్లాసు తెరవలేదు. అట్లాసు కొనడానికి వేరే సంఘం అనుమతి కావాలి.

రెండో రోజు డైరెక్టరు వైకుంఠరావుగారు స్వయంగా వీడియోలో ప్రత్యక్షమయ్యారు. తెల్లటి చొక్కా, వెనకాల దండ వేసిన మామిడిపండు పటం, గొంతులో ప్రారంభోత్సవం.

"హైమవతి గారూ, శుభవార్త! మన సంఘం శాస్త్రీయంగా తేల్చింది. అధీకృత విమాన మార్గముననుసరించి బ్రాజవిల్ నుంచి కిన్షాసాకు దూరం ఆరువేల కిలోమీటర్లు. ఈ సంస్థ చరిత్రలో ఇంత దూరం తేల్చడం ఇదే ప్రథమం!"

హైమవతి ఫోను తిప్పి నదిని చూపించింది. "సార్, ఆ ఎదురుగా కనపడేదే కిన్షాసా అండి. నా కళ్లకి కనపడుతోంది."

వైకుంఠరావుగారు చిన్నపిల్లలకి నవ్వినట్టు నవ్వారు. "కనపడటం దూరానికి ప్రమాణం కాదమ్మా. చంద్రుడూ కనపడతాడు. కనపడ్డాడని పడవెక్కి వెళ్తామా?"

వెనకాల సంఘం చప్పట్లు కొట్టింది.

అంతటితో పోతే బాగుండేది. దూరం తేలాక ఆ దూరానికి తగిన నిబంధనలన్నీ ఒక్కసారి నిద్ర లేచాయి. అంత దూరం వెళ్లేటప్పుడు వాతావరణం మారుతుంది కనక ఉన్ని దుస్తులు వెంట ఉండాలన్నారు. మిట్టమధ్యాహ్నం, చెమటలు కారే ఆ ఊళ్లో హైమవతి స్వెట్టరు కోసం తిరిగింది. సోమినాయుడు చెప్పిన బట్టల కొట్టాయన, "ఇక్కడ స్వెట్టరడిగిన మొదటి మనిషివి నువ్వేనమ్మా," అని మురిసిపోయి, ఎప్పుడో పొరపాటున వచ్చి పడి ఉన్న ఒకే ఒక్క స్వెట్టరు తీసిచ్చాడు. దాని మీద మంచు, రెండు జింకలు.

తరవాత కాలమాన సమస్య వచ్చింది. ఆరువేల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊళ్లో టైము వేరుగా ఉండి తీరాలని త్రిపురాంతకం పట్టుబట్టాడు. రెండు ఊళ్లలోనూ గడియారం ఒకటే చూపిస్తుందండీ అని హైమవతి మొత్తుకుంటే, "అది గడియారముల దోషము," అన్నాడు. సంఘం మళ్లీ కూర్చుని కిన్షాసాని నాలుగు గంటలు వెనక్కి జరిపింది. ఫలితంగా డైరెక్టరుగారు పెట్టిన సమావేశానికి హైమవతి పదింటికి వచ్చింది, ప్రొఫెసర్ ఇలుంగా ఆఫీసు లెక్క ప్రకారం రెండింటికి వచ్చాడు. మధ్యలో నాలుగు గంటలు డైరెక్టరుగారు ఒంటరిగా తెర మీద కూర్చుని, ఇద్దరూ సమయపాలన లేని మనుషులని తేల్చారు.

ఈలోగా బుట్టలో ఒక అంటు ఆకు రాల్చింది. హైమవతి ఆ ఆకు తీసి సోమినాయుడికి చూపించింది.

"నాయుడుగారూ, వీళ్లకి ఒక్కసారి కళ్లతో చూపించాలి. అంతకన్నా దారి లేదు."

"సూపించీద్దారమ్మా. నా కొట్టులో కంచాలున్నాయి. ఎండకి పెడితే మెరుపు అటేపుదాకా ఎల్తాది."

పథకం ఇద్దరూ కలిసి వేశారు. మర్నాడు సమావేశంలో ప్రొఫెసర్ ఇలుంగా ఆ ఒడ్డున మేడ మీద పెద్ద అద్దం పట్టుకుని నిలబడాలి. డైరెక్టరుగారు ఎప్పుడు ఊపమంటే అప్పుడు ఊపాలి. ఆ మెరుపుని ఈ ఒడ్డు నుంచి హైమవతి తన ఫోనులో చూపించాలి. బదులుగా సోమినాయుడు తన కొట్టులోకల్లా పెద్ద స్టీలు పళ్లెం తిప్పాలి. ఇలుంగా ఫోను దాన్ని చూపిస్తుంది. ఇంక కాదనేవాడెవడు?

ఎండ ఫెళ్లున కాసింది. అంతా అనుకున్నట్టే జరిగింది. డైరెక్టరుగారు "ఊపండి" అన్నారు, ఇలుంగా ఊపాడు, ఆ ఒడ్డున తళుక్కుమంది. "ఆపండి" అన్నారు, ఆగిపోయింది. "మళ్లీ ఊపండి" అన్నారు, మళ్లీ తళుక్కుమంది. సోమినాయుడు పళ్లెంతో ఊగిపోయాడు. ఆ సంబరం చూసి ఒడ్డున చేపలమ్మే ఆడవాళ్లు కూడా తపేలా మూతలు ఊపడం మొదలుపెట్టారు. ఎందుకో ఏమిటో ఎవరూ అడగలేదు, అందరూ నవ్వుతున్నారు కనక వాళ్లూ నవ్వారు. హైమవతి కూడా అన్నాళ్లకి పకపకా నవ్వింది.

"చూశారా సార్? నేనిక్కడ, ఆయనక్కడ. ఇద్దరికీ ఇద్దరం కనపడుతున్నాం. ఇప్పుడైనా ఒప్పుకుంటారా?"

తెర మీద వైకుంఠరావుగారు కళ్లద్దాలు తీసి తుడిచారు, మళ్లీ పెట్టుకున్నారు. ముఖం గంభీరమైపోయింది.

"హైమవతి గారూ, మీరు ఆరువేల కిలోమీటర్ల అవతల ఉన్న అద్దాన్ని చూశారు."

"కాదు సార్, ఆరువేలు కాదు, నేను చెప్పేది..."

"ఆరువేలన్నది సంఘం తేల్చిన విషయం. దాన్ని ముట్టుకోకండి. మిగిలిన ప్రశ్న ఒక్కటే. అంత చూపు మీకెలా వచ్చింది?"

హైమవతి ఒకసారి నది వైపు, ఒకసారి తెర వైపు చూసింది.

"మీరు రోజూ ఏం తింటారు?"

"అన్నమే తింటాను సార్."

"అన్నం మేమూ తింటున్నాం. అది కాదు. మీ ప్రయోగపు మామిడిపండు ఎన్నాళ్లనుంచి తింటున్నారు?"

"పదేళ్లుగా రుచి చూస్తూనే ఉన్నానండీ, అది నా పని కదా..."

వైకుంఠరావుగారు బల్ల మీద చరిచారు. "రాసుకోండి త్రిపురాంతకం!"

ఆ సాయంత్రమే ప్రచార విభాగం ప్రకటన వెలువడింది. మన మామిడి తిన్న శాస్త్రవేత్తకి ఆరువేల కిలోమీటర్ల చూపు వచ్చిందట. మర్నాటికి రాష్ట్రమంతా అదే మాట. కళ్లజోళ్ల దుకాణాల వాళ్లు సంస్థ ముందు ధర్నా చేశారు. ఒక బస్సు డిపో మేనేజరు తన డ్రైవర్లందరికీ తలా బుట్ట పండ్లు కావాలని అర్జీ పెట్టాడు. ఇన్విజిలేటర్లకి ఈ పండు పెట్టరాదని విద్యార్థి సంఘాలు హెచ్చరించాయి. మంత్రిగారు అభినందించారు. మంత్రిగారు అభినందించిన వస్తువు ఇంకా విడుదల కాలేదని అప్పుడు ఎవరికో గుర్తొచ్చింది.

మూడేళ్లుగా పడుకున్న అర్జీ మధ్యాహ్నం భోజనానికి ముందే లేచి సంతకం చేయించుకుంది. పదకొండోదానికి "దూరదర్శిని" అని డైరెక్టరుగారే నామకరణం చేశారు. కిన్షాసాలో నాటే ఉత్సవానికి తానే స్వయంగా వస్తున్నట్టు ప్రకటించారు కూడా.

హైమవతికి ఫోను వచ్చింది. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది. పద్దెనిమిదేళ్ల కష్టానికి గుర్తింపు రావడం నిజం. తీపికి కాదు, కండకి కాదు, దానికి లేనే లేని గుణానికి వచ్చింది. "పోనీలే," అనుకుంది బుట్టలోకి చూస్తూ, "బతికుంటే నీ గుణం నువ్వే చెప్పుకుంటావు." తరవాత గోనెపట్టా విప్పి వాసన చూసింది. వేళ్ల దగ్గర పులిసిన వాసన మొదలైంది. ఇంకొక్క రోజు తిరుగుడు కూడా తట్టుకోవు.

అప్పుడు ఆవిడ బుర్ర పాదరసంలా పనిచేసింది. ఇన్నేళ్లు నిబంధనల మధ్య బతికిన మనిషి కదా, వాటిలో సందులు ఎక్కడుంటాయో ఆవిడకీ కొంచెం తెలుసు. త్రిపురాంతకానికి ఫోను చేసింది.

"సూపరింటెండెంటు గారూ, విడుదలైన రకం తొలి అంట్లు ఎవరికివ్వాలండీ?"

"నిబంధన ప్రకారము రైతునకు ఉచితముగా అందజేయవలెను."

"రైతుకి ఇచ్చాక అవి సంస్థ ఆస్తేనా?"

"ఎంతమాత్రమూ కాదు!" త్రిపురాంతకం గొంతులో ఉత్సాహం ఉప్పొంగింది. "రైతు చేతిలో పడిన మరుక్షణము మనకు ఎట్టి సంబంధమూ లేదు. మొక్క బతికినను, చచ్చినను సంస్థ బాధ్యత వహించదు. అది మన సంస్థ మూలసూత్రము మేడమ్!"

"ఆ రైతు వాటిని పడవలో తీసుకెళ్తే?"

"పడవలో తీసుకెళ్లనీ, నెత్తిన పెట్టుకుని ఈదనీ, మనకేమి?"

"మరి నేను ఖాళీ చేతులతో ఆ రైతు వెంట పడవెక్కొచ్చా?"

"విదేశీ ప్రయాణము విమానమునందే," అన్నాడు త్రిపురాంతకం, గాయత్రి చదివినంత భక్తిగా.

హైమవతి ఫోను పెట్టేసి సోమినాయుడి వైపు తిరిగింది. "నాయుడుగారూ, మీకు పొలం ఉందా?"

"రాజాం దగ్గర ఎకరం జీడితోట ఉందమ్మా. మా తమ్ముడు సూస్తన్నాడు. ఏటి, అదెందుకు?"

"అయితే ఈ క్షణం నుంచి మీరు రైతు. ఈ ఐదు అంట్లూ మీవి. మీ మొక్కల్ని మీ ఇష్టమొచ్చిన ఊళ్లో, మీ ఇష్టమొచ్చిన ప్రొఫెసరు తోటలో పెట్టుకోండి."

సోమినాయుడికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అయ్యాక ఒడ్డంతా మారుమోగేలా నవ్వాడు. "ఓలమ్మో! ఇన్నాళ్లూ నానే రైతునని సెప్పీసుంటే మొదటి రోజే ఎలిపోదుము కదా!"

"మొదటి రోజు దీనికి పేరు లేదు కదండీ."

బుట్ట ఆయన చేతికిచ్చాక కూడా ఆవిడ పట్టు వదల్లేదు. "తల్లివేరుకి దెబ్బ తగలకుండా పెట్టించండి. అంటు కట్టిన చోటు మట్టిలోకి పోకూడదు. నీళ్లు ఒక్కసారే పొయ్యకండి," అని పడవ కదిలేదాకా చెబుతూనే ఉంది. పడవ గుర్రపుడెక్క గుంపుల్ని చీల్చుకుంటూ వెళ్లిపోయింది. ఐదు పచ్చటి తలలు చిన్నవైపోయాయి. హైమవతి అప్పుడు స్వెట్టరు చేతికేసుకుని, టాక్సీ పిలిచి, ఎయిర్‌పోర్టుకి బయల్దేరింది.

విమానంలో పక్క సీట్లో ఒక బట్టల వ్యాపారి కూర్చున్నాడు. కొంచెం ఇంగ్లిషు వచ్చినవాడు. ఎక్కడికమ్మా అని పలకరించాడు.

"కిన్షాసాకండీ."

"ఎక్కడ్నుంచి?"

"బ్రాజవిల్ నుంచి."

ఆయన ఆవిడ వైపు చాలా జాలిగా చూశాడు. "నీళ్లంటే భయమా?"

"నాకు కాదండీ. మా ఆఫీసుకి."

విమానం లేచి నది మీదుగా ఒక చుట్టు తిరిగింది. కింద రెండు ఊళ్లూ ఒకే కిటికీలో పట్టాయి. హైమవతి రెండింటికీ కలిపి ఒక దణ్ణం పెట్టి కళ్లు మూసుకుంది. అడ్డిస్ అబాబాలో దిగి ఫోను తెరవగానే ఫొటో వచ్చింది. ఐదు గోతుల్లో ఐదు అంట్లు, మోకాళ్ల దాకా మట్టితో సోమినాయుడు, పక్కన నీళ్ల క్యానుతో ఇలుంగా. ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. ఎయిర్‌పోర్టు మధ్యలో నిలబడి ఫోనుకి ముద్దు పెట్టుకుంది. అక్కడ చలిగా ఉంది. జింకల స్వెట్టరు తొడుక్కుంది కూడా, ఆఫీసు చెప్పినవాటిలో అదొక్కటి పనికొచ్చింది.

రెండు వారాల తరవాత కిన్షాసాలో ఉత్సవం నాడు వైకుంఠరావుగారు, త్రిపురాంతకం, దూర నిర్ధారణ సంఘం ముగ్గురూ దిగారు. అందరి ఒంటి మీదా ఉన్ని దుస్తులే. డైరెక్టరుగారికి మంకీ క్యాపు అదనం. చెమట ధారలు కట్టి కారుతోంది. కళాశాల తోట నదిని ఆనుకునే ఉంది. అంట్లలో నాలుగు తలెత్తుకుని నిలబడ్డాయి. ఆకు రాల్చిన ఐదోది మాత్రం అందరికన్నా ముందు రాగిరంగు చిగురేసింది. హైమవతి దాని పక్కనే చతికిలబడి, లేవమన్నా లేవకుండా కూర్చుంది.

"అంట్లు మీకన్నా ముందు ఎలా వచ్చాయి?" అన్నారు డైరెక్టరుగారు అనుమానంగా.

"రైతు తెచ్చుకున్నాడండీ."

"సంస్థకు సంబంధము లేదు సార్," అన్నాడు త్రిపురాంతకం వెంటనే. డైరెక్టరుగారి ముఖం తేలికపడింది.

ఉపన్యాసం అయింది. దూరదర్శిని మహిమ మీద చప్పట్లయ్యాయి. డైరెక్టరుగారు గాలి కోసం నది ఒడ్డుకి నడిచారు, వెనకే మిగతావాళ్లూ. ఎండలో నది మెరుస్తోంది. ఎదురుగా మేడలు, రోడ్డు మీద పాకుతున్న కార్లు.

"అవతల కనపడేది ఏ ఊరమ్మా?"

హైమవతి చిగురు మీద నుంచి చూపు తిప్పకుండానే జవాబు చెప్పింది. "బ్రాజవిల్ అండీ. మీ సంతకం ప్రకారం ఇక్కడికి ఆరువేల కిలోమీటర్లు."

దూర నిర్ధారణ సంఘం ముగ్గురూ ఒకేసారి మేఘాల వైపు చూశారు. సోమినాయుడు నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. వైకుంఠరావుగారు మంకీ క్యాపు పైకి జరిపి, నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూశారు. చూసి చూసి చెయ్యి దించారు. హైమవతికి ఒక్క క్షణం ఆయన మీద ఆశ పుట్టింది.

"త్రిపురాంతకం, మీకు కనపడుతోందా?"

"తమరికి కనపడుతోందా సార్?"

"ప్రకటన ఇచ్చిన రోజు నుంచి పూటకి రెండు పండ్లు తింటున్నాను," అన్నారు వైకుంఠరావుగారు, కళ్లు తుడుచుకుంటూ. "స్పష్టంగా కనపడుతోందయ్యా! కార్లతో సహా!"

త్రిపురాంతకం కూడా కళ్లు చికిలించి నది అవతలకి చూశాడు.

"నాకూ కనపడుచున్నది సార్," అన్నాడు వినయంగా. "ఒక్కటే తింటున్నాను కావున, కొంచెము మసకగా."